ఇది కూడా తింటారా?

గుంటూరు వైపు వాళ్లమని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "కారం బాగా తింటారటగా?" అని. అవునంటే నవ్వుతారు. అంతవరకు పర్లేదు. అసలు ప్రశ్న మన డబ్బా మూత తీశాక వస్తుంది. "అమ్మో, ఇది కూడా తింటారా?"

మాది పర్చూరు దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. రోడ్డుకి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్న నాలుగేళ్లూ ఆ ప్రశ్న నాలుగు వస్తువుల మీద విన్నాను. పొద్దున్నే అన్నంలోకి పండుమిర్చి పచ్చడి. జొన్నకూడు. ఎడ్లకి ఉడకేసిన ఉలవల నీళ్లతో కాచిన చారు. గేదె ఈనగానే పితికిన పాలతో జున్ను. నాకైతే వీటిలో వింత ఏముందో అర్థమయ్యేది కాదు. ఇంట్లో రోజూ ఉండేవేగా!

మొన్న ఫిబ్రవరి చివర్లో నాలుగు రోజులు సెలవు దొరికింది. నేరుగా ఊరికి పోకుండా చుట్టు తిరిగి వెళ్దామనుకున్నాను. గుంటూరు, కారెంపూడి, అద్దంకి, అక్కణ్నుంచి మా ఊరు. ఈ నాలుగూ మా కంచంలోకి ఏ దారిన వచ్చాయో ఒకసారి చూద్దామని.

తుమ్ముతూ మొదలు

గుంటూరు మిర్చి యార్డుకి అడ్రస్ అడగక్కర్లేదు. ముక్కే చెప్తుంది. గేటుకి ఇంకా దూరంలో ఉండగానే మొదటి తుమ్ము వచ్చింది. లోపల ఎటు చూసినా టిక్కీలే. మిరపకాయలు తొక్కి నింపిన గోనె బస్తాల్ని ఇక్కడ టిక్కీలంటారు. ముఠా కార్మికులు మొహానికి తువ్వాలు చుట్టుకుని వాటిని మోస్తుంటే, కమీషన్ వ్యాపారులు గుప్పెడు కాయలు తీసి విరిచి, వాసన చూసి ధర చెప్తున్నారు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్ అని దీనికి పేరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తుతుంది.

కాయల్లో చాలా రకాలున్నాయి. తేజ సన్నగా, ఘాటుగా ఉంటుంది. ఊరి పక్కనే ఉన్న లాం ఫారంలో పుట్టిన 334 ఉంది. గుంటూరు సన్నం అయితే జీఐ గుర్తింపు ఉన్న కాయ. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో సన్నం సుమారు 35 వేల నుంచి 40 వేల దాకా ఉంటుందంటారు. వీటన్నిటికీ దూరంగా ఒక మూల రంగు తేలిపోయి, తెల్లబడిన కాయల గుట్ట ఉంటుంది. అవి తాలు కాయలు. ధర బాగా తక్కువ.

మా అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ మంచి కాయలన్నీ యార్డుకే పోయేవి. ఇంటికి మిగిలేవి రెండు రకాలు. ఒకటి ఈ తాలు. రెండోది, చేలో ఎర్రగా పండి ఇంకా ఎండని కాయ. ఆ పండుమిర్చిని తొడిమలు తీసి, కడిగి, తడి ఆరాక ఉప్పు, చింతపండు వేసి రోట్లో దంచేవాళ్లు. మూడో రోజు మళ్లీ రుబ్బి జాడీకెత్తితే ఏడాదంతా అదే. కావాల్సినప్పుడు కొంచెం తీసి, వెల్లుల్లి, మెంతులు, ఇంగువతో తాలింపు పెట్టుకోవడమే.

"అంత కారం ఎందుకు తింటారు?" అని హాస్టల్లో అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. అమ్మమ్మ దగ్గర ఉండేది. "కూర లేకపోయినా కారం ఉంటే కుండెడు కూడు దిగుద్దే" అనేది. మా కారం వెనకున్న లెక్క అదే. పొద్దున్నుంచీ చేలో పని చేసే మనిషికి కావాల్సింది కడుపు నిండా అన్నం. రోజూ రెండు కూరలు ఎక్కడ వండుతారు? ఒక్క చెంచా పచ్చడి పళ్లెం మొత్తాన్ని లాక్కొచ్చేస్తుంది.

ఇంకో సంగతి. ఇంత గొప్పగా చెప్పుకునే మిరపకాయ మనది కాదు. అది పుట్టింది అమెరికా ఖండాల్లో. పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో ఇండియాకి తెచ్చారు. అంటే అంతకుముందు గుంటూరులో గోంగూర పచ్చడికి కూడా మిరియాల ఘాటే దిక్కు. మొదటిసారి ఆ ఎర్రకాయని చూసినవాళ్లు కూడా "ఇది తింటారా?" అనే అడిగుంటారు!

నోరు మండటం కూడా నిజానికి రుచి కాదు. వేడిని పసిగట్టే నరాల తలుపు ఒకటి మన నాలుక మీద ఉంటుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకి చెప్తుంది. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ పట్టుకునే ఆ తలుపుని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మంటకి నీళ్లు తాగితే లాభం లేదు. పాలల్లో, పెరుగులో ఉండే కేసిన్ ఆ ఘాటుని పట్టి లాగేస్తుంది. పండుమిర్చి ముద్ద తర్వాత గడ్డపెరుగు ముద్ద ఎందుకు తినాలో నోబెల్ రాకముందే మా వాళ్లకి తెలుసు. కాయ కోతలకి వెళ్లొచ్చి, మండే చేతుల్ని మజ్జిగతో కడుక్కునే ఆడవాళ్లకి ఇంకా బాగా తెలుసు.

శ్రీనాథుడు మింగలేని ముద్ద

గుంటూరు నుంచి నరసరావుపేట బస్సెక్కితే, ఫిరంగిపురం దగ్గర ఎడమ పక్కన కొండవీడు కొండలు కనిపిస్తాయి. 15వ శతాబ్దం మొదట్లో పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది అక్కడే. ఆ కొలువులో ఏం తినేవాడోగానీ, పల్నాడు వచ్చేసరికి ఆయనకి తిండి దగ్గర చిక్కొచ్చింది. ఆయన పేరుతో చెప్పుకునే చాటువుల్లో ఆ బాధంతా ఉంది. రాళ్లు, తేళ్లు, సజ్జ జొన్న కూళ్లు తప్ప ఈ సీమలో ఏముందని విసుక్కున్నాడు. ఇంకో పద్యంలో ఏకంగా కృష్ణుడికే సవాలు విసిరాడు. విషాన్నీ నిప్పునీ మింగిన దేవుడు కూడా పల్నాటి జొన్నముద్ద ఒక్కటి మింగలేడట!

అంటే మా తిండిని చూసి మొహం చిట్లించిన వాళ్లలో నా రూమ్మేట్లే మొదటివాళ్లు కాదు. ఆరు వందల ఏళ్ల ముందే ఒక మహాకవి ఉన్నాడు. పాపం, ఆయనకి పండుమిర్చి పచ్చడి లేదు. ఉండుంటే ముద్ద దిగేదేమో.

కారెంపూడిలో నాగులేరు దగ్గర దిగాను. ఎండాకాలం రాకముందే ఏరు పలచబడింది. బస్టాండు ఎదురుగా బండి మీద ఒక పెద్దావిడ జొన్నరొట్టెలు కొడుతోంది. పిండిని అరచేతుల మధ్య తిప్పుతూ తడుతుంటే చప్పుడు తాళం వేసినట్టుంది. రెండు రొట్టెలు, గోంగూర పచ్చడి తీసుకుని పక్కనే కూర్చున్నాను.

"పెద్దమ్మా, చిన్నప్పుడు కూడా ఇవేనా తినేది?"

"రొట్టె యాడిది తల్లీ! జొన్నలు దంచి కూడొండేవోళ్లం. వరన్నం పండక్కే. జొన్నకూడు తినొచ్చామని చెప్పుకోటానికి సిగ్గయ్యేది. ఇప్పుడు షుగరొచ్చింది, డాక్టరు జొన్న తినమన్నాడు." నవ్వింది. "అప్పుడు బియ్యం కొనలేక తిన్నాం. ఇప్పుడు జొన్నలే పిరమైపొయ్యాయి."

మధ్యలో జరిగింది నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాలకి వచ్చింది. నీళ్లొచ్చిన చోట వరి, ఆ తర్వాత పత్తి, మిరప. జొన్న చేలు ఒక్కొక్కటే పోయాయి. పోయింది తిండిగింజ ఒక్కటే కాదు. జొన్నతోపాటు చొప్ప పోయింది. చొప్ప అంటే గింజ కోశాక మిగిలే జొన్నకర్ర, పశువుల మేత. ఈ చొప్ప సంగతి గుర్తుపెట్టుకోండి, మా ఊళ్లో మళ్లీ అవసరమొస్తుంది.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మనదేశం అడిగితేనే. అప్పట్నుంచి మా ఆఫీసు క్యాంటీన్లో కూడా జొన్నరొట్టె ఉంటోంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అడగరు.

ఒకే చాప మీద

కారెంపూడి వచ్చి చాపకూడు గురించి చెప్పకపోతే ఎలా? 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగింది ఈ ఊరి నేల మీదే. ఆ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. ఇప్పటికీ కార్తీకమాసంలో వీరారాధన ఉత్సవాలప్పుడు ఇక్కడ చాపకూడు పెడతారు. తమాషా ఏంటంటే, ఆ వీరుల కథ చెప్పే 'పల్నాటి వీరచరిత్ర' రాసింది కూడా శ్రీనాథుడేనంటారు. ముద్ద దిగకపోయినా కథ మాత్రం ఆయనకి దిగింది.

చాపకూడు అనగానే నాకు హాస్టల్లో ఒకమ్మాయి గుర్తొస్తుంది. తనది కూడా మా వైపే. ఇంటి నుంచి వచ్చిన సీసాలు మేమంతా మంచాల మధ్య పేపర్ పరిచి పెట్టుకునేవాళ్లం. నా ఉలవచారుని చూసి నవ్వినా, తర్వాత అందరూ నాకేవాళ్లు. తను మాత్రం ఎప్పుడూ సీసా బయటికి తీసేది కాదు. వాళ్లమ్మ పంపేది ఎండబెట్టిన మాంసం తునకలు. ఒకసారి వాసన వస్తే గదిలో ఎవరో "ఏంటీ కంపు?" అన్నారు. ఆ తర్వాత తను డబ్బా పట్టుకుని మెట్ల మీదకి వెళ్లి తినేది. కొన్నాళ్లకి నేనూ పచ్చడి సీసా పట్టుకుని మెట్ల మీదకే వెళ్లడం మొదలుపెట్టాను. తునకల కూరలో పండుమిర్చి నంజుకుంటే ఎంత బాగుంటుందో నాకు అలా తెలిసింది.

"ఇది కూడా తింటారా?" అని నన్ను అడిగినప్పుడు దాని అర్థం "కొత్తగా ఉందే" అని. తనని అడిగినప్పుడు ఆ మాటకి "మీరెవరు?" అని ఇంకో అర్థం ఉండేది. రెండిటికీ తేడా తెలియకుండా ఈ ప్రాంతపు తిండి గురించి మాట్లాడలేం. చాపకూడు కథ ఇంతకాలం బతికి ఉండటానికి కారణం కూడా అదేననుకుంటా. ఆ అవసరం ఇంకా తీరలేదు.

ఎడ్ల వంతు, మన వంతు

పిడుగురాళ్ల వచ్చి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పట్టుకుంటే దారంతా మిరప కళ్లాలే. ఎర్రటి పట్టాలు పరిచినట్టు ఎండుతున్న కాయలు, వాటి మధ్య గొడుగులు పెట్టుకుని తాలు ఏరుతున్న ఆడవాళ్లు. అద్దంకి నుంచి ఇంకో బస్సు. సాయంత్రానికి మామయ్య వాళ్లింట్లో ఉన్నాను.

"ఏమ్మాయ్, ఇటు రావాల్సిన దానివి పల్నాడంతా చుట్టొచ్చావంట?" అన్నాడు మామయ్య. "ఏం చూశా?"

"జొన్నరొట్టె తిన్నా."

"దానికి కారెంపూడి దాకా పోవాలా!" అంది అత్తయ్య లోపల్నుంచి.

ఉలవచారు పుట్టింది వంటింట్లో కాదు, కొట్టంలో. అరక దున్నే ఎడ్లకి బలం కోసం ఉలవలు పెట్టేవాళ్లు. రాత్రి నానేసి, పెద్ద కాగులో కట్టెల పొయ్యి మీద గంటల తరబడి ఉడికించేవాళ్లు. గింజలు ఎడ్లకి. వార్చిన చిక్కటి నీళ్లు, అంటే ఉలవకట్టు, మనుషులకి. దాంట్లో చింతపండు పులుసు పోసి, సన్నటి సెగ మీద చిక్కబడేదాకా మరిగించి తాలింపు పెడితే ఉలవచారు. వేడన్నంలో పోసుకుని పైన మీగడ వేసుకోవాలి. కుక్కర్లో పావుకిలో ఉలవలు ఉడకేస్తే ఆ రుచి ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైందిగా? అది ఎడ్ల కోసం పెట్టిన కాగు. మనకి దక్కేది అందులో మిగులు.

ఒంగోలు జాతి ఎడ్లకి పెట్టిన తిండి అది. ఆ జాతి సముద్రం దాటి బ్రెజిల్ కూడా వెళ్లింది. అక్కడ దాని పేరు నెలోర్. ఓడ ఎక్కించిన సీమ పేరే, నెల్లూరు, దానికి స్థిరపడిపోయింది. బ్రెజిల్‌లో ఇప్పుడు మాంసం కోసం పెంచే పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. మా ఊళ్లో మాత్రం అరకెడ్లు ఒక్క జత కూడా లేవు. మామయ్య అమ్మేసి పదేళ్లు దాటింది. దుక్కికి ట్రాక్టరు, మందు కొట్టడానికి పవర్ స్ప్రేయరు.

"మరి ఉలవచారు ఎట్లా కాస్తన్నావ్ అత్తయ్యా?"

వీధి చివర ఒకాయన బండలాగుడు పోటీల కోసం ఒక జత ఎడ్లని మేపుతున్నాడు. తిరునాళ్లలో పందేలకి తీసుకెళ్తాడు. వాటికి రోజూ ఉలవలు ఉడికిస్తాడు. వారానికోసారి అత్తయ్య బిందె పట్టుకుని వెళ్లి కట్టు వార్చుకొస్తుంది. నగరాల్లో హోటళ్లు ఉలవచారు బిర్యానీ అమ్ముతున్నాయి. ఇక్కడ మా వీధి మొత్తానికీ ఉలవచారు ఒక జత పందెపు ఎడ్ల మీద ఆధారపడి ఉంది.

మొదటి పాలు

నా అదృష్టం బాగుంది. నేను వెళ్లడానికి రెండు రోజుల ముందే గేదె ఈనింది. దూడ తాగాక మిగిలిన మొదటి రోజుల పాలు పసుపు రంగులో, చిక్కగా ఉంటాయి. మామూలు పాలల్లా కాగవు, వేడి తగిలితే గడ్డకడతాయి. వాటిలో బెల్లం, మిరియాలపొడి, యాలకులు కలిపి ఆవిరి మీద పెడితే జున్ను.

జున్నుపాలు మా ఇంట్లో అమ్మరు. చుట్టుపక్కల ఇళ్లకి పంచుతారు. దిష్టి తగలకుండా గిన్నెలో ఒక ఎండుమిరపకాయ, బొగ్గు ముక్క వేసి మరీ పంపేది అమ్మమ్మ. రోడ్ల పక్కన అమ్మే జున్నులో చాలాచోట్ల గడ్డకట్టే పొడి తప్ప మొదటి పాలుండవు. అది తిని "జున్ను ఇంతేనా" అనుకోకండి. ఐస్‌లాండ్‌లో కూడా ఈ మొదటి పాలతో పుడ్డింగ్ చేస్తారు, అబ్రిస్తిర్ అంటారు. వాళ్లని కూడా పక్క దేశాల వాళ్లు "ఇది కూడా తింటారా?" అనే అడుగుతారేమో.

ఆ మాటకొస్తే నేనూ ఒకసారి అడిగాను. మదురైలో సాయంత్రం పూట బండ్ల మీద పరుత్తి పాల్ అమ్ముతారు. పత్తి గింజల్ని నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లమేసి వేడివేడిగా ఇస్తారు. మా ఇంట్లో పత్తి గింజలు గేదె దాణా! వెన్న బాగా పడుతుందని రుబ్బి పెట్టేవాళ్లం. "ఇది మనుషులు తాగుతారా?" అని నోరు జారాను. బండి ఆయన ఏమీ అనలేదు, గ్లాసు నా చేతిలో పెట్టాడు. రెండో గ్లాసు నేనే అడిగాను.

రాత్రి జున్ను తింటుంటే మామయ్య అసలు విషయం చెప్పాడు. గేదెని అమ్మేద్దామనుకుంటున్నాడు. ఆదివారం బేరగాడు చూడటానికి వస్తాడట.

"మేత యాడుందమ్మా? అప్పుడంటే జొన్న చొప్ప వామి ఉండేది. ఇప్పుడు చుట్టూ మిరప, పత్తి. గేదె మిరపకట్టె తింటదా? ఎండుగడ్డి కొనాల్సొస్తంది. మిరపకాయకి రేటుంటే గేదె ఖర్చు లెక్కలోకి రాదు. రేటు పడితే ఇంట్లో పాల పాకెట్టే చవక."

రేటు ఎలా పడుతుందో 2025 ఫిబ్రవరిలో అందరూ చూశారు. ధర కుప్పకూలితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. కౌలుకి చేసేవాళ్లకి కౌలు, మందులు, కోత కూలీలు పోతే ఏం మిగులుతుందో మామయ్య వేళ్ల మీద లెక్కేసి చూపించాడు. చివరికి వేళ్లు మిగిలాయి.

అప్పుడు నాకు దారంతా చూసినవి ఒక వరసలో కనిపించాయి. జొన్న ఉంటే చొప్ప ఉంటుంది. చొప్ప ఉంటే ఎడ్లు, గేదె ఉంటాయి. ఎడ్లుంటే ఉలవకట్టు, గేదె ఉంటే జున్ను, గడ్డపెరుగు. ఆ పెరుగుంటేనే అంత కారం తినగలం. నేను నాలుగు తిళ్లు అనుకున్నవి నాలుగు కావు. ఒకే సేద్యం నుంచి వచ్చిన నాలుగు ముద్దలు. జొన్న పోయిన రోజే మిగతావాటికి గండం మొదలైంది. హోటళ్లలో వాటి పేర్లు ఉంటాయి, ఫోన్లో ఆర్డర్ పెడితే వస్తాయి కూడా. కానీ పక్కింటికి బొగ్గుముక్క వేసి పంపడానికి ముందు మన కొట్టంలో ఒక గేదె ఉండాలి.

"దూడ పాలు మరిచిందాకన్నా ఉండనీ," అంది అత్తయ్య. మామయ్య మాట్లాడలేదు.

మర్నాడు బస్సెక్కేటప్పుడు అత్తయ్య రెండు సీసాలు సర్ది ఇచ్చింది. ఒకదాంట్లో కొత్త పండుమిర్చి పచ్చడి, ఇంకోదాంట్లో ఉలవచారు. జున్ను మాత్రం అక్కడే తిని వెళ్లమంది, దారిలో పాడవుతుందని.

మీరు కూడా అటు వెళ్తే ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి. కళ్లాలు ఎర్రగా ఉంటాయి. మొహానికి తువ్వాలు మర్చిపోవద్దు. ఎవరింట్లోనైనా తెలియని ముద్ద పెడితే, తిన్నాక అడగండి, ఇది ఏ పనిలోంచి పుట్టిందని. ఒక్క ముద్దకి గంట కథ వస్తుంది.

నిన్న మామయ్యకి ఫోన్ చేశాను. బేరగాడు వచ్చి చూసి వెళ్లాడట. ధర కుదరలేదంటున్నాడు. కుదర్లేదో, అత్తయ్య కుదరనివ్వలేదో నేను అడగలేదు. గేదె ఇంకా ఇంట్లోనే ఉంది.